కుర్మయ్య బండికి ఇంకో ఇంజన్

షుజాత్ మెకానిక్ పొద్దున్నే ఫోన్ చేశాడు. నిర్మల వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఫోను ఆమె మోకాలి పక్కనే మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. ఆమె దానివైపు ఓసారి చూసి, ఇంకో చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది. ఆమెకు చెవుడు లేదు, పొగరు అసలే లేదు. భర్త కుర్మయ్య పోయిన దగ్గర్నుంచీ ఇంతే. పెడితే తింటుంది, అడిగితే "సరే" అంటుంది, విమానాలకు భోజనాలు పంపే వంటశాలలో ప్యాకింగు పనికి టైముకు పోయి టైముకు వస్తుంది. మనిషి అక్కడే ఉంటుంది, మనసు ఎక్కడుందో ఆమెకే తెలియదు.

చివరికి కూతురు ప్రియదర్శిని తల దువ్వుకుంటూనే పరుగెత్తుకొచ్చి ఫోను ఎత్తింది. షుజాత్ గొంతు ఇంటి నిండా వినబడింది.

"అక్కా, ఇంజన్ సంగతి ఇయ్యాల మధ్యాహ్నం లోపట చెప్పాలె. పహాడీ షరీఫ్ కాడ ఒక ఇంజన్ చూసిపెట్టిన అన్న కదా, దానికి ఇంకొకలు వచ్చిన్రు. అది తెచ్చి పెట్టుమంటరా, లేకుంటే మీ పాతదాన్నే మొత్తం పని చెయ్యిమంటరా? ఈశ్వరయ్య అయితే వేరేది పెట్టేయి అంటుండు. కానీ బండి కుర్మయ్యది. నువ్వు చెప్తేనే నేను చెయ్యి పెడ్త."

"చెప్తం కాకా" అని ప్రియ ఫోను పెట్టేసింది. తల్లికి బదులు ఆ పిల్ల జవాబు చెప్పడం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

బండి ఆగిపోయి వారమైంది. శ్రీశైలం రోడ్డు మీద, మంఖాల్ దాటాక, వెనకాల టమాటాల లోడు ఉండగా ఇంజన్ ఒక్కసారిగా పట్టేసింది. ఆ రోజు బండి తోలుతున్నది కుర్మయ్య తమ్ముడు ఈశ్వరయ్య. టమాటాలు వేరే బండిలోకి ఎక్కించి, దీన్ని తాడు కట్టి శంషాబాద్ దాకా లాక్కొచ్చారు.

ఆ బండికి ఒక పద్ధతుంది. పొలమున్న రోజుల్లో అన్నదమ్ములిద్దరికీ బావి మోటారు మీద వంతులుండేవి. ఒకరోజు కుర్మయ్య మళ్ళకు నీళ్ళు, మర్నాడు ఈశ్వరయ్య మళ్ళకు. ఆ ఉన్న కాస్త పొలాన్నీ ప్లాట్ల వాళ్ళకు అమ్ముకుని, చేతిలో మిగిలిన డబ్బుతో ఇద్దరూ కలిసి ఈ పికప్ కొన్నారు. పొలం పోయినా వంతులు మాత్రం పోలేదు. బండి ఒకరోజు అన్నది, ఒకరోజు తమ్ముడిది. ఎవరి వంతు నాడు కిరాయి వాళ్ళది, డీజిల్ ఖర్చూ వాళ్ళదే. రిపేరు వస్తే చెరిసగం. ఇంటికి పెద్దవాడని కాగితాల్లో పేరు కుర్మయ్యది పెట్టారు.

దసరాకు ముందు ఓ రోజు మార్కెట్లో బుట్టలు దించుతూ కుర్మయ్య గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. అప్పటి నుంచి రెండు వంతులూ ఈశ్వరయ్యే తోలుతున్నాడు. అన్న వంతు నాటి కిరాయి తెచ్చి వదిన వంటింటి కిటికీలో పెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా పక్క వాటాలోని తన ఇంట్లోకి వెళ్ళిపోతాడు. ఆ డబ్బుతోనే ప్రియ డిగ్రీ చదువు నడుస్తోంది. నిర్మల జీతం ఇంటి సామాన్లకే చాలదు.

అత్త రాములమ్మ వాకిలి ఊడవడం ఆపి చీపురుతో సహా లోపలికొచ్చింది. కోడలు మాట్లాడటం మానేసిన దగ్గర్నుంచి ఇంట్లో ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడుతోంది.

"ఆ ఇంజన్ ఎవరిదంట? బండి గుద్దుకున్నదని తీసిందేనా? అందుల ఎవలన్న సచ్చిన్రేమో అడిగినవా?"

"ఎవ్వరు సావలేదంట నాయనమ్మా. రోడ్డు పక్కన ఆపి డ్రైవర్ చాయ్ తాగుతుంటే వెనక నుంచి లారీ గుద్దింది. బండి పోయింది, ఇంజన్ బాగనే ఉంది."

"ఏదైతేంది. పరాయి ఇంజన్ నాకొద్దు. ఇంజన్ మారితే నెంబరు మారుతది, నెంబరు మారితే ఆఫీసుల కాగితం తియ్యాలె. కాగితం తీస్తే నా కొడుకు పేరు ఉంచుతరా? సచ్చినోని పేరు ఎట్ల ఉంచుతం అంటరు. పాతదే బాగ చేపియ్యుర్రి."

ముసలమ్మకు చదువు రాదు గాని లోకం తెలుసు. ఆమె అన్నది నిజమే. పాత ఇంజన్నే విప్పి బాగు చేయిస్తే కాగితం జోలికి పోనక్కర్లేదు. కుర్మయ్య పేరు ఎక్కడున్నదో అక్కడే ఉంటుంది. వేరే ఇంజన్ పెడితే ఆర్సీ బయటికి తీయాల్సిందే.

అంతలో ఈశ్వరయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గడ్డం గీసుకుని ఎన్నాళ్ళయిందో. అన్న ఉన్నప్పుడు బట్టల మీద మడత నలగనిచ్చేవాడు కాదు. ఇప్పుడు అదే చొక్కా రెండు రోజులు వేస్తున్నాడు. నిర్మల అది గమనించింది, గమనించి ఊరుకుంది.

"వదినా, షుజాత్ ఫోన్ చేసిండా?"

"చేసిండు" అంది ప్రియ.

"మరి చెప్పిన్రా? పాతది పని చేపిస్తే లక్ష దాటుతది. నెల రోజులు బండి ఆడనే ఉంటది. వేరేది పెడితే అందుల సగంల అయిపోతది, నాల్గు రోజులల్ల రోడ్డెక్కుతది. ఇంట్ల పైసలు ఏమున్నయో అందరికీ ఎర్కనే. ఇంకా ఆలోచన ఏంది?"

"ఆలోచన ఇంజన్ గురించి కాదు చిన్నబాపూ" ప్రియ దువ్వెన బల్ల మీద పడేసింది. "ఆర్సీ గురించి. కాగితం తీసినంక ఎవరి పేరు రాపిస్తవ్?"

ఈశ్వరయ్య గోడవైపు చూశాడు. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి, ఆ పూట కూడా చెప్పలేదు.

"నా పేరే రాపిస్త. తోలేది నేనే కదా."

రాములమ్మ చేతిలో చీపురు కింద పడింది. "ఓరి నాయనా! వాని బూడిద సల్లారలేదురా! అప్పుడే అన్న పేరు కొట్టేసి నీ పేరు రాసుకుంటవురా?"

"అమ్మా, గట్ల అనకు. వంతు పైసలు వదినకు ఇయ్యకుంట ఉంటనా?"

"ఇయ్యాల ఇస్తవ్" అంది ప్రియ. "బండి నీదైనంక వంతేంది, పైసలేంది అంటవ్. అప్పుడు మేం ఎవరిని అడగాలె? అమ్మా! నువ్వు చెప్పు. ఏదో ఒకటి చెప్పవే!"

ముగ్గురూ నిర్మల వైపు తిరిగారు. ఆమెకు అందరి మాటలూ వినబడ్డాయి. తన వంతు పోతుందన్న సంగతీ అర్థమయింది. పోతే కూతురి చదువు ఆగుతుంది, ఈ వాటాకూ ఆ వాటాకూ మధ్య తలుపు మూసుకుంటుంది. అదంతా ఎవరో పక్కింటివాళ్ళ గొడవలాగా తోచింది. భయపడాలని అనుకుంది, భయం రాలేదు. కోపం తెచ్చుకోవాలనుకుంది, అదీ రాలేదు.

"ఏదో ఒకటి చేసుకోర్రి" అంది, చిక్కుడుకాయల గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

ప్రియ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "చేసుకోర్రి అంటే ఎట్లనే? బాపు పోయిండు, నువ్వు గూడ పోయినవా?" అని తల్లి చేతిలోంచి గిన్నె లాక్కుంది. "లే. షెడ్డుకు పోదాం. అసలు ఇంజన్ ఎట్ల పోయిందో షుజాత్ కాకను అడుగుదాం. ఆ తర్వాతనే ఏదన్నా."

నేనూ వస్తానని రాములమ్మ చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. ఈశ్వరయ్య బయటికెళ్ళి ఆటో పిలిచాడు, తాను మాత్రం ఎక్కకుండా వెనక బైకు మీద వచ్చాడు. అంత గొడవయ్యాక కూడా ఆటోవాడికి కిరాయి ముందే తనే ఇచ్చేశాడు.

షుజాత్ షెడ్డు బస్టాండు వెనక సందులో ఉంది. బండి మూతి ఖాళీగా, పళ్ళూడిన నోరులా ఉంది. ఇంజన్ విప్పి, భాగాలన్నీ గోనెసంచి మీద పరిచిపెట్టాడు. షుజాత్ యాభై దాటిన మనిషి. బండి కొన్ననాటి నుంచి దానికి వైద్యుడు ఇతనే. వీళ్ళను చూసి చేతులు తుడుచుకుంటూ లేచాడు, రాములమ్మకు స్టూలు వేశాడు.

"పెద్దమ్మా, కూసో. చాయ్ తెప్పిస్త."

"చాయ్ వద్దు కాకా" అంది ప్రియ. "ఇంజన్ ఎందుకు పోయిందో చెప్పు."

షుజాత్ ఓసారి ఈశ్వరయ్య వైపు చూశాడు. చెప్పడం షుజాత్‌కు ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

"ఆయిల్ లేక పోయింది బిడ్డా. సుక్క లేదు. లోపట అన్ని ఒకదానికొకటి రాసుకొని, వేడికి పట్టేసినయి."

"కారిపోయిందా?"

"లీకు యాడ లేదు. పాత ఇంజన్ కదా, రోజుకింత తాగుతది. ఆయిల్ లైట్ ఎప్పుడో కాలిపోయింది, చెప్పెటందుకు అది గూడ లేదు. పొద్దున పూట ఆయిల్ పుల్ల తీసి ఎంతున్నదో చూసుకొని, తక్కువైతే పోసుకుంటే ఇంకా ఐదారేండ్లు నడుస్తుండె. ఎవరు చూడలే."

సందులో ఎవరిదో బండి హారన్ మోగి ఆగింది. ప్రియ మెల్లగా చిన్నాన్న వైపు తిరిగింది. ఆ పిల్ల ముఖం చూస్తే నిర్మలకు కూతురు కాదు, ఎవరో పెద్దమనిషి కనబడింది.

"రోజు తోలెటోనివి. నీకు తెల్వదా? కావాలనే ఎండవెట్టినవా చిన్నబాపూ? ఇంజన్ పోతే కాగితం తియ్యొచ్చు, కాగితం తీస్తే బండి నీదైతదనా?"

"ప్రియా!" అని రాములమ్మ గద్దించింది గాని, ఆమె చూపు కూడా కొడుకు మీదే ఉంది. అదే ప్రశ్న ఆమె కళ్ళలోనూ ఉంది.

ఈశ్వరయ్య కోప్పడతాడని అందరూ అనుకున్నారు. కోప్పడలేదు. గోనెసంచి మీది నల్లటి ముక్కల్ని చూస్తూ నిలబడ్డాడు.

"నీళ్ళు చూసిన" అన్నాడు. "రోజు చూసిన. ఒక్క రోజు తప్పలే."

"నీళ్ళు కాదు. ఆయిల్ ఎందుకు చూడలే?"

"ఆయిల్ అన్న చూస్తుండె."

ఆ మాటతో షుజాత్ తల దించుకున్నాడు. ఎందుకంటే ఆ పద్ధతి పెట్టింది అతనే. బండి కొన్న కొత్తలో అన్నకు తెలియకుండా తమ్ముడూ, తమ్ముడికి తెలియకుండా అన్నా, బండి బాగుండాలని ఇద్దరూ ఆయిల్ పోసేవాళ్ళు. ఎక్కువైపోయి ఇంజన్ పొగలు కక్కింది. బండి షెడ్డుకొచ్చింది. షుజాత్ ఇద్దరినీ నిలబెట్టి తిట్టాడు. "ఇగ నుంచి నీళ్ళు చిన్నోడు చూస్తడు, ఆయిల్ పెద్దోడు చూస్తడు. ఒకని పని ఇంకొకడు ముట్టద్దు" అని తీర్పు చెప్పాడు. అప్పటి నుంచి ఎవరి వంతైనా సరే, తెల్లవారాక ఇద్దరూ బండి దగ్గరికి వచ్చేవాళ్ళు. బానెట్ ఎత్తి తమ్ముడు నీళ్ళు చూసేవాడు, అన్న ఆయిల్ చూసేవాడు. జ్వరమొచ్చినా, మాటల్లేనంత కొట్లాడుకున్నా ఆ పని మాత్రం ఆగలేదు. ఒకసారి ఏదో తగాదా వచ్చి ఇద్దరూ నెలంతా మాట్లాడుకోలేదు. అయినా పొద్దున్నే ఒకే బానెట్ కింద రెండు తలలు కనబడేవి.

"బాపు పోయిండని నీకు తెల్వదా చిన్నబాపూ?" ప్రియ గొంతులో పదును తగ్గింది.

"ఎందుకు తెల్వదు బిడ్డా. నా చేతులల్లనే పోయిండు." ఈశ్వరయ్య అరచేతులు చూసుకున్నాడు. "రోజు బానెట్ లేపుత. నీళ్ళు చూస్త. చూసి జర సేపు నిలవడ్త. ఎందుకు నిలవడ్తున్ననో నాకే సమజ్ కాదు. మల్ల బానెట్ ఏసి పోత. మరిచిపోయిన అని చెప్ప. అటు చెయ్యి పోలే. అది నా పని కాదు అన్నట్టే ఉండె."

నిర్మలకు ఆ మాట ఎక్కడో తగిలింది. వీధి గేటుకు గొళ్ళెం పెట్టడం కుర్మయ్య పని. ఆయన పోయినప్పటి నుంచి ఆ గేటు రాత్రంతా తెరిచే ఉంటోంది. ఆమె పడుకునే ముందు వాకిట్లోకి వస్తుంది, గేటును చూస్తుంది, లోపలికి వెళ్ళి పడుకుంటుంది. వేయాలని తెలుసు. చెయ్యి పోదు. ఇన్నాళ్ళూ ఇల్లంతటికీ తనొక్కతే రాయి అయిపోయిందనుకుంది. గోడకు అవతలి వాటాలో ఇంకో మనిషి సరిగ్గా ఇలాగే ఉన్నాడని ఒక్కరోజు కూడా తోచలేదు. కిటికీలో డబ్బు పెట్టి మాట్లాడకుండా పోతుంటే, లెక్క తేల్చుకుని పోతున్నాడనే అనుకుంది.

"ఈశ్వరయ్యా" అంది.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆమె తనంతట తాను ఎవరినైనా పేరుపెట్టి పిలిచి చాలా రోజులైంది.

"మరి నీ పేరు రాపిస్తా అని ఎందుకన్నవు? నిజం చెప్పు. నేనేం అనుకోను."

ఈశ్వరయ్య రోడ్డు వైపు చెయ్యి చూపించాడు.

"పోలీసోళ్ళు వదినా. ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద ఆపుతరు. బుద్వేల్ దిక్కు పోతే ఆడ ఆపుతరు. ఆర్సీ చూస్తరు. కుర్మయ్య ఎవరు అంటరు. మా అన్న అంట. ఫోన్ కలుపు, మాట్లాడాలె అంటరు. లేడు సార్, సచ్చిపోయిండు అని చెప్పాలె. చెప్పినంక కాగితం ఎందుకు మార్పియ్యలే అని ఇంకో పది మాటలు. వారంల రెండు మూడు సార్లు ఇదే. మొన్న ఒకాయన నవ్విండు. దొరికినోడల్లా అన్న సచ్చిపోయిండనే చెప్తడు అన్నడు. నాకు బండి వద్దు, పేరు వద్దు వదినా. నా నోటితోటి మా అన్నను ఎన్నిసార్లు సంపాలె?"

రాములమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రియ వెళ్ళి చిన్నాన్న చొక్కా చెయ్యి పట్టుకుంది. తప్పయిందన్నట్టు, పట్టుకున్న చెయ్యి వదల్లేదు. అతను ఆమె తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు అడగాలె బిడ్డా, నువ్వు అడగకుంటే ఎవరు అడుగుతరు" అన్నాడు.

నిర్మల గోనెసంచి దగ్గరికి నడిచింది. ఆ ముక్కల్లో ఏది ఏమిటో ఆమెకు తెలియదు. లక్ష పోసి వీటిని మళ్ళీ కలిపి నిలబెడితే కాగితం మీద కుర్మయ్య ఉంటాడు. ఇన్నాళ్ళూ ఇంట్లో అందరూ పట్టుకుని వేలాడింది అంతవరకే. ఆ కాగితాన్ని పట్టుకుని ప్రతి చెక్‌పోస్టు దగ్గరా దిగి నిలబడేవాడు మాత్రం ఈ ఒక్కడే.

"షుజాత్ భాయ్, ఆ పహాడీ షరీఫ్ ఇంజనే తెప్పియ్యి" అంది.

"నిర్మలా!" రాములమ్మ లేచి నిలబడింది. "వాని పేరు..."

"పేరు తీసేద్దాం అత్తమ్మా." నిర్మల అత్త భుజం పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది. "కాగితంల ఉంచి నువ్వు నేను సంబురపడ్తున్నం. రోడ్డు మీద ఈయన నోట్ల మీ పెద్దకొడుకు రోజు సస్తుండు. నీ కడుపున పుట్టినోడే కదా ఈయన గూడ. ఇగ చాలు."

రాములమ్మ చిన్నకొడుకు ముఖం చూసింది. ఆ గడ్డం, ఆ మురికి చొక్కా అప్పుడే కొత్తగా కనబడినట్టు చూసింది. చెయ్యి చాచి అతన్ని దగ్గరికి రమ్మంది. అతను వచ్చి స్టూలు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నెంబరు మార్చేటప్పుడు కాగితం నా పేరు మీద రాపిద్దాం" నిర్మల చెప్పుకుపోతోంది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాగున్నాయో, మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. "ఖర్చు చెరిసగం. వంతులు వంతులే. నా వంతు నాడు నువ్వు తోలితే నీ కూలి తీసుకొనే మిగిలింది ఇయ్యి, ఊకె తోలద్దు. పొద్దుగాల నువ్వు నీళ్ళు చూసేటప్పుడు నేనొస్త. ఆయిల్ ఎట్ల చూడాల్నో షుజాత్ భాయ్ నాకు చూపిస్తడు."

"చూపిస్త అక్కా" అన్నాడు షుజాత్. ఆ ఇంజన్ ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పడానికి ఫోను తీసుకుని సందులోకి నడిచాడు.

"ఇంకోటి ఈశ్వరయ్యా. ఇటు చూడు."

అతను తలెత్తాడు.

"పోలీసోళ్ళు ఆపి, బండి ఎవరిదిరా అంటే, మా వదినది అని చెప్పు. ఫోన్ కలుపు అంటే నాకు కలుపు. నేనున్న. మాట్లాడ్త."

"మా వదినది" అన్నాడు ఈశ్వరయ్య. ఎవరో ఎదురుగా నిలబడి అడిగినట్టే అన్నాడు. మళ్ళీ ఒకసారి, "మా వదినది సార్" అన్నాడు. తల్లి ఒళ్ళో తల పెట్టి, మీసాలున్న మనిషి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

నిర్మల అతన్ని ఓదార్చబోయింది. నోరు తెరిచేసరికి ఆమెకే ఏడుపొచ్చింది. పాడె లేచిన రోజు రాలేదు, పదకొండో రోజు రాలేదు, ఇన్ని నెలల్లో ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు షుజాత్ షెడ్డులో, గ్రీజు మరకల నేల మీద కూలబడి, ఊళ్ళో అందరికీ వినబడేటట్టు "ఓ ప్రియ బాపూ" అని ఏడ్చింది. ప్రియ వచ్చి పక్కన కూర్చుంది. ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు.